ఇంటి ముందర దింపిన గేర్‌బాక్స్

మదనపల్లెలో కార్లున్న వాళ్ళు నలుగురు టీ దగ్గర చేరితే ఈ మాట వినపడక తప్పదు: "ఆయిలు, ఫిల్టరు అంటే ఎవురైనా మారుస్తారన్నా, గేర్‌బాక్స్ మాత్రం బయట దింపించొద్దు. ఒకసారి దించినారంటే బండి పనైపోయినట్టే." పుంగనూరులోనూ ఇదే మాట. కుప్పంలో తెలుగులో ఒకసారి చెప్పి, ఎదుటివాడు నమ్మలేదనిపిస్తే తమిళంలో ఇంకోసారి చెప్తారు. చెప్పేవాళ్ళలో గేర్‌బాక్స్ దించుతుండగా పక్కన నిలబడి చూసినవాళ్ళు బహు తక్కువ. అయినా ఇంటి ముందర జాకీ ఎక్కించి క్లచ్ పని మొదలుపెట్టిన మనిషిని చూస్తే మాత్రం వీధి వీధంతా జాలిపడుతుంది. "కంపెనీలో ఇచ్చింటే పోయేది గదా" అని ఒక పెద్దాయన, "పాపం, దుడ్డుకు చూసుకున్నట్టుంది" అని ఇంకొకాయన.

ఈ అభిప్రాయం తప్పు. అంతటితో ఆగితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. భయం అక్కర్లేని చోట జనాన్ని భయపెట్టి, నిజంగా ప్రాణం పోయే చోట ఒక్క హెచ్చరిక కూడా చేయదు ఈ అభిప్రాయం. నా గొడవ దానితో.

అసలు క్లచ్ గేర్‌బాక్స్ లోపల ఉండదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య బెల్ హౌసింగ్ అనే గూడు ఉంటుంది, క్లచ్ అందులో ఉంటుంది. ఇంజను క్రాంకు చివర ఫ్లైవీలు, దానికి బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేటు, ఆ రెండింటి మధ్య నలిగే క్లచ్ ప్లేటు. ఆ ప్లేటు నడుమ ఉన్న పళ్ళలోకి (స్ప్లైన్లంటే ఇవే) గేర్‌బాక్స్ నుంచి ఇన్‌పుట్ షాఫ్ట్ వచ్చి దూరుతుంది. పెడల్ తొక్కితే ఫోర్కు కదులుతుంది, రిలీజ్ బేరింగ్ ముందుకు వెళ్ళి డయాఫ్రం స్ప్రింగు వేళ్ళను నొక్కుతుంది, ప్లేటు మీద పట్టు సడలుతుంది. పెడల్ వదిలితే మళ్ళీ పట్టుకుంటుంది. ఆ ప్లేటు దాకా చెయ్యి పోవాలంటే అడ్డంగా ఉన్న గేర్‌బాక్సును జరిపి కిందికి దించాలి. దాని లోపలి పళ్ళచక్రాలు, సింక్రో రింగులు, బేరింగులు ఏవీ బయటికి రావు. గేర్‌బాక్స్ కేసును కలిపి పట్టుకున్న బోల్టు ఒక్కటి కూడా విప్పరు. గోనెసంచి మీద పడుకోబెట్టిన పెట్టె పని అయ్యాక అదే పెట్టెగా తిరిగి వెళ్తుంది. దాన్ని తెరవనే తెరవలేదు, ఇక లోపల ఎట్లా చెడుతుంది?

మరి దించిన తర్వాత గేర్లు గరగరమన్న బళ్ళు లేవా అంటే ఉన్నాయి, లేవని బుకాయించను. ముందు చక్రాలు లాగే బళ్ళలో డ్రైవ్ షాఫ్టులు పీకినప్పుడు గేర్ ఆయిల్ కారిపోతుంది, అందుకే ముందే దాన్ని వంచేస్తారు. బిగించాక మళ్ళీ కొలత ప్రకారం పోయడం మరిచిపోయారనుకోండి, నెల తిరక్కముందే గేర్‌బాక్స్ అరుస్తుంది. ఇంకొందరు ఏ ఆయిలు దొరికితే అది పోస్తారు. ఇత్తడి సింక్రో రింగులున్న పెట్టెలకు చాలా కంపెనీలు జీఎల్-4 రకం చెప్తాయి. డిఫరెన్షియల్ కోసం చేసిన జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ, ఇత్తడికి అవి పడకపోవచ్చు. డబ్బా మీద ఆ ఒక్క అంకె చదవడానికి కంపెనీ సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు. ఇంకో తప్పు ఉంది, అది మరీ పెద్దది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు సగం దూరిన ఇన్‌పుట్ షాఫ్ట్ మీద మొత్తం బరువు వేలాడదీసి "ఒక్క నిమిషం పట్టుకోరా" అంటూ పానా కోసం వెతకడం. ఆ ఒక్క నిమిషంలో కొత్త ప్లేటు నడుమ భాగం వంకర పోతుంది. తర్వాత పెడల్ ఎంత తొక్కినా గేరు సరిగ్గా పడదు. ఇవన్నీ చేతి తప్పులు, అంతస్తులు కట్టిన షోరూంలో చేసినా, చింతచెట్టు కింద చేసినా అదే ఫలితం.

వాస్తవానికి ఈ పనిలో చోటు గురించి మాట్లాడటమే వింతగా ఉంటుంది నాకు, అదీ మదనపల్లెలో కూర్చుని. నీరుగట్టువారిపల్లెకు పోయి చూడండి, పట్టు మగ్గాలు ఇళ్ళలోనే ఉంటాయి. నడింట్లో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. వేల రూపాయల చీర ఆ గుంతలోంచే బయటికొస్తుంది. దాన్ని ఎవరైనా "ఇంట్లో నేసింది, నాణ్యత ఉండదు" అని తిప్పి పంపుతారా? నేత పట్ల ఇంత నమ్మకం ఉన్న ఊరికి ఇనుము పట్ల మాత్రం టైల్సు పరిచిన హాలు, యూనిఫాం వేసుకున్న పిల్లలు, ఏసీ వెయిటింగ్ రూము కావాలి.

ఇక మన మూడు ఊళ్ళలో క్లచ్ ఎందుకు ఇంత త్వరగా పోతుందో చెప్పాలి. ఈ విషయంలోనూ తప్పుడు మాట ఒకటి చెలామణిలో ఉంది: "ఈ మోడల్ క్లచ్ వీకన్నా." అనంతపురం వైపు నుంచి వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరుతుంది. దారి పొడవునా ఎత్తుపల్లాలే. మదనపల్లె రెండు వేల అడుగులకు పైన ఉంది, హార్స్‌లీ కొండ నాలుగు వేలు దాటింది. అంటే ఆదివారం పిల్లల్ని కొండ మీదికి తీసుకుపోవడమంటే ఆ మలుపుల్లో దాదాపు రెండు వేల అడుగులు ఎక్కడమే. తిరుపతి పోవాలంటే పీలేరు దాటాక భాకరాపేట ఘాట్. చిత్తూరు పోవాలంటే మొగిలి ఘాట్. మలుపులో ముందు లారీ ఆగింది, మీరూ ఆగారు. బ్రేకు మీద నిలబెట్టాల్సిన బండిని సగం నొక్కిన క్లచ్ మీద, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, వెనక్కి జారకుండా పట్టుకుని నిలబడతారు. హాఫ్ క్లచ్ అంటే ఇదే. ఆ నిమిషంలో ఇంజను శక్తిలో చక్రాలకు చేరనిదంతా ప్లేటు లైనింగు మీద వేడిగా మారుతుంది. ఎక్కిన ప్రతిసారీ ఎనిమిది మలుపుల్లో ఎనిమిదిసార్లు ఇట్లా చేస్తే మైదానంలో లక్ష కిలోమీటర్లు రావాల్సిన ప్లేటు అందులో సగం కూడా రాకపోవచ్చు. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు పడతాయి. మంచి మేస్త్రీ ఆ మచ్చలు చూసి ఓనరు ఏ దారిలో తిరుగుతాడో, ఎట్లా నడుపుతాడో చెప్పేయగలడు.

టమోటా సీజన్లో మార్కెట్ యార్డు దగ్గర నిలబడితే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటని చెప్పుకుంటాం గదా, ఆ గొప్పతనం ఖరీదు క్లచ్ ప్లేట్లు కడతాయి. తెల్లవారక ముందే టాటా ఏస్‌లు, బొలెరో పికప్పులు క్రేట్లు నింపుకుని వరసలో నిలబడతాయి. అడుగు ముందుకు, ఆగు, ఇంకో అడుగు, మళ్ళీ ఆగు. ఓవర్‌లోడు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ డ్రైవరు కాలు పొద్దున్నుంచీ క్లచ్ పెడల్ మీద నుంచి లేవదు. కాలు ఊరికే ఆనించి ఉన్నా రిలీజ్ బేరింగ్ తిరుగుతూనే ఉంటుంది, అది కూడా అరుగుతుంది. ఈ బళ్ళకు రెండ్రోజులు షెడ్డులో ఉండటమంటే రెండ్రోజుల బాడుగ పోయినట్టు, ఆ నెల కంతు తప్పినట్టు. వాళ్ళతో పోయి "కంపెనీలోనే చేయించాల, అపాయింట్‌మెంట్ తీసుకో" అని చెప్పి చూడండి. యార్డులో పనిచేసే ప్రతి డ్రైవరుకూ తెలుసు ఏ షెడ్డులో ఏ మేస్త్రీ పొద్దున దించి సాయంత్రానికి ఎక్కించి ఇస్తాడో. ఆ బళ్ళు ఆ రాత్రే మద్రాసుకో బెంగళూరుకో లోడుతో పోతాయి. గేర్‌బాక్స్ బయట దించితే బండి పనికిరాదన్న మాట నిజమే అయితే మన టమోటా చెన్నైకి చేరే మార్గమే లేదు.

దూరం కూడా ఒక లెక్కే. క్లచ్ జారుతున్న బండి చదును మీద ఎట్లోగట్ల పాకుతుంది, ఎత్తు వచ్చేసరికి ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మీది కాస్త అరుదైన కంపెనీ బండి అనుకోండి, ఉండేది కుప్పంలో అనుకోండి. అధికారిక సర్వీస్ కోసం ఇంకో జిల్లాకో ఇంకో రాష్ట్రానికో పోవాలి. నడిపి తీసుకుపోలేరు, టోయింగ్ బండి మీద ఎక్కించాలి. ఆ బాడుగతో ఇక్కడ కూలీ చాలావరకు తీరిపోతుంది. క్లచ్ పనిలో కూలీ అంతా ప్లేటు దాకా చేరడానికి పట్టే గంటలది. పాత ప్లేటు తీసి కొత్తది పెట్టి ప్రెషర్ ప్లేటు బిగించడానికి అరగంట చాలు. మిగతా రోజంతా దించడం, ఎక్కించడం. ఆ గంటలకు ఎక్కడ ఏ రేటు వేస్తారన్నదే కూలీ బిల్లు.

"బయట చేయిస్తే వారంటీ పోతుంది" అనే బెదిరింపు ఒకటి మిగిలింది. దీనికి కాగితమ్మీద జవాబు ఉంది, ఎందుకో మన ఊళ్ళలో ఎవరికీ చేరలేదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మారుతీ, టాటా, మహీంద్రా, హోండా, టయోటా, ఫోర్డ్, మెర్సిడెస్, చివరికి అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నేరం ఏమిటంటే, విడిభాగాలను, పనిముట్లను, రిపేరు మాన్యువళ్ళను బయటి మెకానిక్కులకు అందకుండా చేసి, ఓనర్లను తమ వర్క్‌షాపులకే కట్టేయడం. అదే ఉత్తర్వులో కమిషన్ ఇంకో మాట కూడా చెప్పింది: బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తంగా రద్దు చేస్తామని షరతు పెట్టకూడదు, ఆ పని సరిగ్గా చేయక ఏదైనా చెడితే ఆ చెడిన మేరకే రద్దు చేయొచ్చు. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి, జరిమానా లెక్కల మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. అది వాళ్ళ గొడవ. మనకు కావాల్సింది కమిషన్ పట్టుకున్న అసలు విషయం. మన టీ బంకు దగ్గర తిరిగే "బయట ముట్టనీయొద్దు" అనే మాట ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానివల్ల లాభపడేవాళ్ళు ఉన్నారు.

పైగా క్లచ్ ప్లేటు అరిగిపోయే వస్తువు. బ్రేకు లైనింగులాగే మామూలు అరుగుదలకు వారంటీ సాధారణంగా వర్తించదు. వర్తించని వారంటీ పోతుందని భయపడి వర్తించే బిల్లు కట్టడం, ఇదీ మన తెలివి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న దానికో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్ళు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలను కూడా అందులో చేర్చింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఇదే హక్కు కోసం జనం ఓటేసి గెలిచారు. అక్కడ మూరెడు దూరంలో డీలరు ఉన్నవాళ్ళు కూడా ఆ హక్కు కావాలన్నారు. ఊరికో డీలరు లేని మనం అది వద్దంటున్నాం.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు మదనపల్లె. 1929లో తనను గురువును చేసిన సంస్థనే రద్దు చేసి, గురువులు వద్దన్న మనిషి. ఆ ఊళ్ళోనే ఒక ప్లేటు మార్చడానికి ఇంత గురుభక్తి ఎందుకొచ్చిందో నాకు అంతుపట్టదు. ఇంకో తెలుగువాణ్ణి తలుచుకోవాలి. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు ఏ ఇంజనీరింగు కాలేజీ మెట్లూ ఎక్కలేదు. ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొన్నాడు. కొని ఎక్కి తిరగడంతో ఆగలేదు, మొత్తం విప్పి మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు సంస్థ కట్టాడు. అందరమూ నాయుళ్ళం కాలేమనుకోండి, విప్పడం పాపమని మాత్రం ఆయన తరం అనుకోలేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన దగ్గరికి వస్తాను. జాకీ దగ్గరికి.

ఇంటి ముందర క్లచ్ పని చేసేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకునేది బండి మీద పడి. విచిత్రమేమిటంటే, గేర్‌బాక్స్ దించొద్దని గంటసేపు ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషే, జాకీ ఒక్కటే పెట్టి కింద దూరిన కుర్రాణ్ణి చూసి ఏమీ అనడు. పైగా "ఇంకొంచెం ఎత్తబ్బా" అని సలహా ఇస్తాడు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో ఒక సీలు లీకైతే చెప్పకుండా దిగిపోతుంది. బండితో పాటు వచ్చే కత్తెర జాకీ పంక్చరు వేసుకోవడానికి, దాని మీద నమ్మకం పెట్టి కింద పడుకోవడానికి కాదు. స్టాండ్లు కావాలి, జతగా, బండి బరువుకు తగ్గవి. సిమెంటు ఇటుకలు, గుల్ల ఇటుకలు పేర్చి వాటి మీద ఆనించేవాళ్ళున్నారు. గుల్ల ఇటుక ఒక మూల మీద బరువు పడితే హెచ్చరిక లేకుండా పొడైపోతుంది. కుప్పం చుట్టుపక్కల రాయికి కొదవ లేదు కాబట్టి గ్రానైటు ముక్కలు పేర్చేవాళ్ళు కూడా ఉన్నారు. పాలిష్ పట్టిన రాయి మీద ఇనుము జారుతుంది. ఎర్రమన్ను నేల అయితే జాకీ పాదం కింద మందపాటి చెక్క వేయాలి, వాన పడిన మరునాడు అయితే పని వాయిదా వేయాలి. ఇంటి ముందర పరిచిన బండలు కింద బోలుగా ఉంటే ఆ బరువుకు పగులుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మన వీధులు వాలుగా ఉంటాయి. బండిని గేర్లో పెట్టి ఆపుతాం, కదలదని ధైర్యం. డ్రైవ్ షాఫ్టులు పీకి గేర్‌బాక్స్ దించిన క్షణాన ఆ పట్టు పోతుంది. ఇక మిగిలింది హ్యాండ్ బ్రేకు, అది మన బళ్ళలో ఎక్కువగా వెనక చక్రాలకే. బొలెరోలాంటి వెనక చక్రాలు లాగే బండికి, పని కోసం వెనక భాగం ఎత్తారంటే హ్యాండ్ బ్రేకు కూడా గాలిలోనే. కాబట్టి నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా అడ్డలు వేయకుండా ఒక్క బోల్టు ముట్టుకోకూడదు. సమతలం దొరక్కపోతే ఆ పని ఆ ఇంటి ముందర చేయకూడదు, అంతే. బ్యాటరీ నెగటివ్ తీయకుండా స్టార్టర్ మోటారు తీగ మీద పానా పెట్టినవాడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాత క్లచ్ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం మన షెడ్లలో మహా అలవాటు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, మన దేశంలో అది పూర్తిగా నిషేధం కాలేదు. తడిగుడ్డతో తుడవండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఇన్ని నిజమైన ప్రమాదాలు ఉండగా "గేర్లు చెడతాయి" అనే లేని ప్రమాదం ఒక్కటే ఊరంతా తిరుగుతోంది.

వీడియో చూసి ఒంటరిగా ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టే వీరులను నేను సమర్థించడం లేదు. మొదటిసారి అయితే పక్కన చేసినవాడు ఉండాలి. మన ఊళ్ళలో అది కష్టమేమీ కాదు, మేస్త్రీని ఇంటికి పిలిస్తే వస్తాడు. చిన్న కార్ల గేర్‌బాక్స్ ఇద్దరు కలిసి దించగలిగిన బరువే, అయినా ఆనించడానికి కింద జాకీ ఉండాల్సిందే. గేర్‌బాక్స్ తీశాక ఇంజను ఒక వైపు వాలుతుంది కాబట్టి పైనుంచి గొలుసుతోనో, కింద చెక్క పెట్టి మరో జాకీతోనో దాన్ని పట్టి ఉంచాలి. కొన్ని మోడళ్ళలో కింద సబ్‌ఫ్రేం కూడా దించాల్సి వస్తుంది. బొలెరో, సుమో అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్, క్రాస్ మెంబరు తీయాలి, ఆ పెట్టె బరువు మనుషులు చేతుల మీద పట్టుకునే బరువు కాదు.

అసలు దించక ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. క్లచ్ నిజంగా పోయిందా? హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, పెడల్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగును అనుమానించాలి, వదిలినప్పుడు శబ్దం వచ్చి తొక్కితే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును. కేబుల్ ఉన్న బళ్ళలో పెడల్‌కు ప్లే లేకుండా బిగిస్తే కొత్త ప్లేటు కూడా జారుతుంది. అప్పుడు కావాల్సింది ఒక పానా, రెండు నిమిషాలు. ఇంటి ముందర పనికి తెగబడిన వాడికి ఈ పరీక్షలు చేసుకునే ఓపిక ఉంటుంది, ఎందుకంటే దించడమంటే ఎంత చాకిరీయో వాడి నడుముకు తెలుసు. దించినా దించకపోయినా తన నడుముకు నొప్పి లేనివాడికి ఆ ఓపిక ఉండాలన్న నియమమేమీ లేదు.

ఇంటి ముందర పని జరిగితే ఓనరుకు దక్కేది డబ్బు ఆదా ఒక్కటే అనుకోవడం ఇంకో పొరపాటు. దక్కేది చూపు. ఫ్లైవీలు కళ్ళ ముందుంటుంది: పగుళ్ళున్నాయా, లేత్ మీద ఒక పొర తీయిస్తే సరిపోతుందా. క్రాంకు వెనక ఆయిల్ సీలు దగ్గర తడి ఉందా. ఉంటే ఇప్పుడే మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటుకు ఆయిలు అంటి మళ్ళీ ఇదే భాగోతం. కొత్త ప్లేటు పెట్టె సీలు మీ ముందే తెగుతుంది, నకిలీ సరుకు తిరిగే మార్కెట్లో ఇది చిన్న విషయం కాదు. ప్లేటు ఏ వైపు ఫ్లైవీలుకు చూడాలో దాని మీదే రాసి ఉంటుంది. పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కను డమ్మీగా దూర్చి ప్లేటును సరిగ్గా నడుమకు తెచ్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తారు. స్ప్లైన్ల మీద గ్రీజు పలచగా పూయాలి, ముద్దగా పెడితే తిరిగే వేగానికి లైనింగు మీదికి చిమ్ముతుంది. ఒకరోజు పక్కన కూర్చుంటే ఇవన్నీ అర్థమవుతాయి. గాజు తలుపు అవతల కాఫీ తాగుతూ కూర్చున్న వాడికి బిల్లులో ఒక వరుస అర్థమవుతుంది.

బయట దించొద్దన్న అభిప్రాయం నిజమయ్యే చోటు కూడా ఉంది. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ బళ్ళలో ప్లేటు మార్చాక కంప్యూటరుకు కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నేర్పాలి, దానికి స్కానర్ కావాలి. రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్కులకు, తనంతట తానే సర్దుకునే ప్రెషర్ ప్లేట్లకు ప్రత్యేక పనిముట్లు కావాలి. అవి లేనివాడు ముట్టుకోకూడదు. అయితే మన మూడు ఊళ్ళలో తిరిగే ఆల్టోలు, వేగన్ఆర్‌లు, ఓమ్నీలు, ఏస్‌లలో ఎన్ని అట్లాంటివి? మినహాయింపును చూపించి సూత్రం చెప్పడం మొదలుపెడితే వంటింట్లో గ్యాసు పొయ్యి కూడా కంపెనీ వాడే వెలిగించాలి.

చివరికి ఓడిపోయేటప్పుడు దించొద్దనేవాళ్ళు బయటికి తీసే ఆయుధం సెకండ్ హ్యాండ్ మార్కెట్. "రేపు అమ్మేటప్పుడు గేర్‌బాక్స్ దించిన బండి అని తెలిస్తే రేటు పడిపోతుందన్నా." పాత బండి కొనేవాళ్ళు నిజంగానే ఈ ప్రశ్న అడుగుతారు, దించలేదని తెలిస్తే సంతోషపడతారు. నాకైతే ఆ సంతోషం వెనక లెక్క ఏమిటో తెలియదు. పదేళ్ళు భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి, లక్ష కిలోమీటర్లు దాటి, ఒక్కసారి కూడా గేర్‌బాక్స్ దించని బండి మీ ముందు పెట్టారంటే దాని అర్థం ఆ ప్లేటు ఇంకా మొదటిదే. మార్చే ఖర్చు మీది. కొనేటప్పుడు అడగాల్సింది దించారా లేదా అని కాదు, ఏ సంవత్సరం దించారు, ఏ ప్లేటు వేశారు, ఆయిల్ సీలు మార్చారా, పాత ప్లేటు చూశారా అని. వీటికి జవాబు చెప్పగలిగిన ఓనరు దొరికితే, ఆ పని వాళ్ళింటి ముందర చింతచెట్టు కింద జరిగిందని తెలిసినా, రేటు తగ్గించమని మాత్రం నేను అడగను.